పూలున్న ముళ్ళకాయ

సితాంకై తీరంలో ఆటుకి నీళ్ళు తగ్గాయి. సముద్రం అడుగున పాకే గుండ్రటి ముళ్ళ జీవుల్ని, ముళ్ళకాయల్ని, ఏరడానికి వచ్చిన పడవలో జుబైరా తల్లిని అడిగింది.

"నల్లటి పొడుగు ముళ్ళున్నదాన్ని ఏం చెయ్యాలమ్మా?"

"గుచ్చుకుంటుంది, వదిలెయ్," అంది సల్బియా, నీళ్ళలోకి కాళ్ళు జాపుతూ.

"పొట్టి ముళ్ళుండి, ఒంటినిండా గడ్డి కప్పుకున్నదాన్ని?"

"అది తినేదే. పగలగొడితే అయిదు వరసల గుడ్లుంటాయి. కడిగిన పెంకులో బియ్యం కూరి ఉడికించాలి. ఇదీ తెలీదంటే నవ్వుతారే!"

"ఒళ్ళంతా పూలు పూసినట్టుండేదాన్ని?"

సల్బియా ఆలోచించింది. "ముద్దుగా ఉంటుంది. తెచ్చి నీ తల్లో పెడతా."

ఆ పూలు తగిలితే ప్రాణం పోతుందని జుబైరాకి చిన్నప్పుడు చెంప పగలగొట్టి మరీ నేర్పింది ఈ అమ్మే.

జుబైరా ఆమె కాళ్ళు పట్టుకుని మెల్లగా పడవలోకి తీసింది.

"అన్నీ సరిగ్గానే చెప్పాగా అమ్మాయ్, ఇంకా దిగనివ్వవేం?"