ఓటు లేనివాళ్ల బెంచీ

"అటు కాదు. ఆ బెంచీ మీద."

గుమ్మానికి అడ్డంగా నిలబడి వేలు చూపించాడు ఆరిన్ మాస్టారు.

వచ్చినవాడికి అరవై దాటి ఉంటాయి. నల్లని మనిషి. కొత్త సూటు, బూట్ల నిండా మంచు. ఆరిన్ ఎన్నడూ చూసిన మొహం కాదు.

"సార్, నేను ఆ టేబుల్ దగ్గరికి..." అన్నాడు కూడబలుక్కుంటూ.

"ఆ టేబుల్ ఓటున్న ఊరివాళ్లకి. సభ చూడ్డానికి వచ్చినవాళ్లు గోడ పక్కన కూర్చోవాలి. ఇక్కడి రూలు అది."

"మీరు చెబితే అంతే, మాస్టారూ."

వెళ్లి ఓటు లేనివాళ్ల బెంచీ మీద ఒక్కడే కూర్చున్నాడు.

మార్చి మొదటి మంగళవారం ఊరంతా బడి జిమ్ములో, అంటే ఆటల హాల్లో, చేరి రోడ్ల మరమ్మతు నుంచి పిల్లల పాఠాల దాకా తేల్చుకోవడం అమెరికాలోని ఆ వెర్మాంట్ కొండల్లో తాతలనాటి అలవాటు. ఆడవాళ్లు అల్లికలు తెచ్చుకుంటారు. మగవాళ్లు పాత పగలు తెచ్చుకుంటారు.

ఈ ఏడాది సభలో పదకొండో అంశం ఆరిన్ ప్రాణం మీదికి వచ్చింది. ఎనిమిదో తరగతికి చెప్పే దేశ చరిత్ర, పౌరశాస్త్రం క్లాసు ఉంచాలా, ఎత్తెయ్యాలా?

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ క్లాసు చెబుతున్నది ఆయనే. పెళ్లాం లేదు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆ క్లాసే.

రెండొందల ఆవుల ఆసామి డ్వైట్ లబౌంటీ లేచాడు.

"మా అమ్మాయికి రాజ్యాంగం నోటికొచ్చు. పాలు పితకడం రాదు. ఆవులకి రాజ్యాంగం చదివి వినిపిస్తే పాలిస్తాయా?"

జిమ్ము గొల్లుమంది.

"పైగా ఈయన చెప్పే చరిత్రేంటి? ఫలానా తాత బానిసల్ని కొన్నాడు, ఫలానా తాత మాట తప్పాడు! దేశం మీద గౌరవం నేర్పమంటే తప్పులు ఏకరువు పెడతాడు."

"తప్పు తెలిస్తేనే కదయ్యా దిద్దుకునేది..."

"నీ పాఠం నాకొద్దు మాస్టారూ. ఆ క్లాసులో నన్ను రెండుసార్లు ఫెయిల్ చేశావు. అది మటుకు బాగా గుర్తుంది!"

మళ్లీ నవ్వులు. ఆరిన్ చెవులు ఎర్రబడ్డాయి.

అంతలో గోడ పక్కన ఒక చెయ్యి లేచింది.

"బెంచీ మీదివాళ్లు మాట్లాడాలంటే సభ ఒప్పుకోవాలి," అన్నాడు అధ్యక్షుడు. "ఎవరికైనా అభ్యంతరమా?"

"అదిగో, వచ్చింది నాటకం!" డ్వైట్ తొడ చరిచాడు. "మన చరిత్ర మనకి చెప్పడానికి పరాయిదేశం నుంచి మనిషిని దింపాడు మాస్టారు!"

ఆరిన్ లోపల్లోపల లెక్క వేసుకున్నాడు. అసలే ఓట్లు అటో ఇటో అన్నట్టున్నాయి. ఈ మనిషి నోరు విప్పితే తనవైపు ఉన్న నలుగురూ జారిపోతారు.

"నాకు అభ్యంతరం!" అని అందరికంటే ముందు అరిచాడు. "అతనెవరో నాకు తెలీదు. నేను పిలవలేదు."

వాక్ స్వాతంత్ర్యం మీద ఏటా రెండు వారాలు పాఠం చెప్పే మనిషి ఈయనే.

వద్దన్న చేతులే ఎక్కువ లేచాయి. ఆ మనిషి కూర్చున్నాడు.

చీటీల ఓటు మొదలైంది. టేబుల్ దగ్గర పేరు చెప్పి, టిక్కు పెట్టించుకుని, చీటీ తీసుకోవాలి. వరస చివర కొత్త సూటు కనబడేసరికి ఆరిన్‌కి ఒళ్లు మండిపోయింది. పరుగున వెళ్లి మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఒకసారి చెబితే అర్థం కాదా? ఓటు లేనివాడు ఈ వరసలో కనిపిస్తే మొత్తం ఓట్లే చెల్లవంటాడు ఆ డ్వైట్. నా కొంప ముంచకు. నడువు బయటికి!"

అతను ఏదో చెప్పబోయాడు. ఆరిన్ మొహం చూసి టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

"క్షమించండి మాస్టారూ. రూలు నాకంటే మీకే బాగా తెలుసు."

టోపీ పెట్టుకుని మంచులోకి వెళ్లిపోయాడు.

చీటీలు లెక్కపెట్టారు. క్లాసు ఉంచాలని ఎనభై ఎనిమిది. వద్దని ఎనభై ఎనిమిది.

సమానమైతే క్లాసు ఉంచాలన్న ప్రతిపాదన ఓడినట్టే. ఆ జిమ్ములో సగంమందికి ఆ రూలు నేర్పింది ఆరినే.

"ఒక్క ఓటు, మాస్టారూ!" డ్వైట్ ఈలవేశాడు. "ఒక్క ఓటు విలువెంతో చూడండర్రా అని చెప్పేవాడివిగా. చూశాం!"

జనం వెళ్లిపోయారు. ఆరిన్ ఒక్కడే కుర్చీలు మడుస్తున్నాడు. ఏడుపు రావడం లేదు, కోపమే వస్తోంది. ఊరి మీద, డ్వైట్ మీద, అసలు సమయానికి ఊడిపడ్డ ఆ పరాయివాడి మీద.

జ్వరంతో ఆ రోజు సభకి రాలేకపోయిన ఊరి గుమస్తా వెర్నా, ఓటర్ల జాబితా తీసుకెళ్లడానికి ముక్కు తుడుచుకుంటూ వచ్చింది. పేర్ల మీద వేలు పోనిస్తూ ఒకచోట ఆగింది.

"ఇదేంటి ఆరిన్, సెలెస్టిన్ కబంబా గారి పేరుకి టిక్కు లేదు? రాలేదా ఆయన?"

"ఎవరు?"

"నీ క్లాసులో డెబోరా లేదూ, దాని తాత. కాంగో మనిషి, ఈ చలికాలంలోనే మన ఊరు చేరాడు. పోయిన నెల పౌరసత్వం ప్రమాణం చేసి, మర్నాడు పొద్దున్నే ఓటు రాయించుకోడానికి నా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు."

ఆరిన్ తలతిప్పి గోడ పక్క బెంచీ వైపు చూశాడు.

"చచ్చినా రాక మానడే," అంది వెర్నా, జాబితా మీంచి తలెత్తకుండానే. "మనవరాలి నోటుబుక్కులో నీ పాఠాలు చదివే పౌరసత్వం పరీక్ష గట్టెక్కాననీ, ఈ దేశంలో తన మొదటి ఓటు నీ క్లాసుకేననీ నాతో చెప్పి మరీ వెళ్లాడు."