మైదానంలో ఒక చుట్టు

“ఇక కారు తోలడం మానెయ్ నాన్నా, పాపను నేనే బడికి దింపుతాను” అని రోజూ పోరు పెట్టే కూతురు, ఆ ఆదివారం తానే నన్ను పాత కార్ల పోటీకి బయల్దేరదీసింది.

“రబ్బరు కోన్ల మధ్య మెలికలు తిప్పుతూ వెళ్లడమే. ఒక్కొక్కరినే పంపుతారు. గుద్దడానికి ఎదురుగా ఎవరూ ఉండరు.”

“ఈ వయసులో నవ్వులపాలెందుకమ్మా?”

“రోజూ తుడిచి తుడిచి ఆ పాత కారు రంగు పోగొడుతున్నావు. ఒక్కసారి పరుగెత్తనీ.”

హెల్మెట్ పెట్టుకుని స్టీరింగు పట్టాను. జెండా ఊపారు. ప్రతి మలుపులోనూ కారు చెప్పినట్టు విన్నది. జనం కేకలు వేస్తుంటే మెచ్చుకుంటున్నారనుకుని ఇంకాస్త తొక్కాను. ఒక్క కోనూ తగలనివ్వలేదన్న సంతోషంతో దిగాను.

“చూశావా?” అన్నాను.

కూతురు మైదానం వైపు చూస్తోంది. అక్కడ ఇద్దరు మనుషులు వంగి, పడిపోయిన కోన్లను లేపి నిలబెడుతున్నారు.

“అన్నింటినీ ఎవరు పడగొట్టారమ్మా?”

“నువ్వే నాన్నా. ఎడమవైపు ఒక్కటీ మిగల్లేదు.”

నవ్వబోయాను. తను నవ్వలేదు.

“ఎడమవైపు చూపు తగ్గిందంటే వినవు. నువ్వే చూస్తే నమ్ముతావని తీసుకొచ్చాను. బడి దారిలో పిల్లలు నడిచేది ఎడమవైపే కదా.”

చెయ్యి చాచింది. ఆ గొంతులో కోపమైనా ఉంటే నాలుగు మాటలు అనేవాణ్ణి. తాళం ఇచ్చేశాను.

అలవాటుగా డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్లాను. మళ్లీ చుట్టూ తిరిగి వచ్చి, ఎడమవైపు కూర్చున్నాను.