ఇంకో సైజు పెద్దవి

టైర్ల గుండు తనను నిలువునా ముంచాడు. ఈ మాట బండాయన వారం రోజులుగా భార్యకు చెప్పాడు, డీజిల్ బంకులో చెప్పాడు, సిమెంటు కొట్లో చెప్పాడు. ఇక గుండుకే చెప్పడం మిగిలింది. పొద్దున్నే వెళ్ళి తన పికప్‌ను టైర్ల షాపు షట్టరుకు అడ్డంగా పెట్టి హారన్ కొట్టాడు.

ఆ పికప్ కొన్న నాటి నుంచి ఊళ్ళో ఆయనకు బండాయన తప్ప వేరే పేరు లేదు. గుట్టల మీద కట్టే ఇళ్ళకు సిమెంటు, ఇనుము చేరవేస్తాడు. బండి అడుగుభాగం రాళ్ళకు తగులుతోందని సస్పెన్షన్ లేపించాడు. లేపాక పాత టైర్ల మీద ఆ బండి, పెద్దమనిషి పిల్లల చెప్పులు తొడుక్కుని నిలబడినట్టు ఉండేది. అందుకే కదా ఈ పెద్ద టైర్ల గొడవంతా.

గుండు లోపల తొట్టి నీళ్ళలో ట్యూబు తిప్పుతూ బుడగల కోసం చూస్తున్నాడు.

"ఇవి ఊడదీసి నా పాతవి నాకు వేసెయ్," అన్నాడు బండాయన.

"కూర్చో అన్నా. ముందు టీ తాగు."

"నీ టీ మీద కూడా నాకు నమ్మకం లేదిప్పుడు. లీటరుకు పన్నెండు ఇచ్చే బండిరా అది. నీ టైర్లు వేశాక పది దాటితే ఒట్టు. ఎంత తిరిగినా డీజిల్‌కే సరిపోతోంది. నీ మొహం చూసి నమ్మాను చూడు, నాది బుద్ధి తక్కువ."

"నా మొహం చూసి నమ్మినవాడివి నువ్వొక్కడివే అన్నా. మా ఆవిడ కూడా నమ్మదు."

బండాయనకు నవ్వు రాలేదు.

గుండు ట్యూబు పక్కన పెట్టాడు. "మధ్య సైజు చాలని నేను చెప్పానా లేదా? పెద్దవైతే స్టీరింగు బరువెక్కుతుంది, రోడ్డు మీద మోత పెడతాయి అన్నానా లేదా? ఇంకో సైజు పెద్దవి తే, ఇంకో సైజు పెద్దవి తే అన్నది మీ తమ్ముడు."

"వాడి మాట ఎత్తకు. వాడు నాకోసం అన్నాడు."

తమ్ముడి మాట వచ్చేసరికి బండాయన గొంతు దానంతటదే మెత్తబడింది. నాన్న వదిలిపోయిన భూమి రోడ్డు నుంచి వాగు దాకా నాలుగు కిలోమీటర్ల పొడవున, వంద మీటర్ల వెడల్పున తాడు పరిచినట్టు ఉంటుంది. దాని పంపకం దగ్గర మాటా మాటా పెరిగి అన్నదమ్ములు మూడేళ్ళు ఎదురుపడితే తల తిప్పుకున్నారు. చివరికి తమ్ముడే మెట్టు దిగాడు. ఇంటికొచ్చి, "ఇంకెన్నాళ్ళు అన్నయ్యా ఇలా? పెద్దవాడివి, రేపు నువ్వే దగ్గరుండి పంచు. నేను నోరెత్తితే అడుగు," అన్నాడు. ఆ భూమి వెంట దారంతా గోతులూ రాళ్ళూ. "ఈ టైర్లతో వెళితే నీ బండి అక్కడే పడుకుంటుంది. పద, మంచివి నేను కొనిస్తాను," అని తనే చెయ్యి పట్టుకుని ఈ షాపుకు తీసుకొచ్చాడు.

తమ్ముడే చక్రం పక్కన గొంతుక్కూర్చుని మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య చెయ్యి పెట్టి చూశాడు. స్టీరింగు ఆ కొసకూ ఈ కొసకూ తిప్పించి, ఎక్కడా రాసుకోవడం లేదని తేల్చుకున్నాకే సరేనన్నాడు. బేరం కూడా ఆడలేదు. బండాయనకు కళ్ళు చెమర్చి, టీ వంకతో బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పంపకం పూర్తయింది. సర్వేయరు లేడు, మధ్యవర్తి లేడు, ఒక్క పెడసరపు మాట లేదు. రోడ్డు వైపు సగం తమ్ముడికి, వాగు వైపు సగం తనకు. వారం తిరక్కుండా సంతకాలూ అయ్యాయి, తమ్ముడు తన వాటాకు కంచె కూడా వేసుకున్నాడు.

"అలాంటివాడు మొదటిసారి నాకు ఒకటి కొనిస్తే," అన్నాడు బండాయన, "అందులో కూడా నాసిరకం అంటగట్టావు. అదిరా నా కడుపుమంట."

గుండు చేతులు తుడుచుకుని క్యాబిన్‌లోకి తొంగి చూశాడు. "డీజిల్ లెక్క దేంతో వేశావు? ఈ మీటరుతోనా?"

"కాదు, మీ ఇంటి గోడ గడియారంతో."

"అయితే టైర్లది తప్పు కాదన్నా. మీటరుకు తెలిసింది చక్రం ఎన్ని చుట్లు తిరిగిందన్నదే. చక్రం పెద్దదైతే ఒక్కో చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతుంది. అది మీటరుకేం తెలుసు? అది వంద చూపించిందంటే నువ్వు నూట పధ్నాలుగు నడిచినట్టు. నీ డీజిల్ ఎక్కడికీ పోలేదు."

బండాయనకు కాస్త ఊపిరి ఆడింది. "మరి ఆ రోజే సరిచేసి ఇవ్వొచ్చు కదరా?"

"చేస్తాననే అన్నాను. అరగంట పని. నువ్వు టీకి వెళ్ళావు. ఇదంతా మీ తమ్ముడికి విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు, రెండుసార్లు అడిగి మరీ విన్నాడు. ఇప్పుడు ముట్టుకోకు, రేపు దీంతో చిన్న పనుంది, అదయ్యాక అన్నయ్యే వస్తాడు అన్నాడు. నీకు చెప్పలేదా?"

బండాయన క్యాబిన్‌లో తల పెట్టి మీటరు వైపు చూశాడు.

టైర్లు వేయించిన మర్నాడే రోడ్డు అంచున బయలుదేరి, ఈ మీటరు మీద సరిగ్గా రెండు కిలోమీటర్లు పడినచోట బండి ఆపి, తన చేతులతోనే హద్దురాయి పాతి, తన భూమి ఆరెకరాల తొంభై రెండు సెంట్లు తమ్ముడి కంచెలో కలిపి వచ్చాడు.