నవ్వని అవ్వ

ఆదివారం మధ్యాహ్నం బాన్సువాడలో కామెడీ షో. హైదరాబాద్ నుంచి టీవీ వాళ్ళొచ్చారు. ఫంక్షన్ హాల్లో కూలర్లు పని చేయకపోయినా కుర్చీలన్నీ నిండిపోయాయి. బిచ్కుంద నుంచి, డోంగ్లి నుంచి కూడా ఆటోలు మాట్లాడుకుని వచ్చారు జనం. ఇంట్లో ఊరికే కనబడే మొహాల్ని టికెట్టు కొని చూడ్డంలో మజాయే వేరు మరి.

స్కిట్ల సంగతి తెలిసిందే. ఒక హీరో, ఒక హీరోయిన్, హీరోకో ఫ్రెండు. వీళ్ళు కాక ఇంకొకడుంటాడు. వాడికి పెళ్ళి కాదు, తెలివి ఉండదు, డైలాగూ ఉండదు. ఆటలో అరటిపండు. కథ ఆగిపోయినప్పుడల్లా వాణ్ణి ఒకటి పీకుతారు. జనం నవ్వుతారు. కథ మళ్ళీ కదుల్తుంది. ఇంత చక్కటి సదుపాయం ఏ మహాకవికీ తట్టలేదు, పాపం.

ఈ టీములో ఆ అరటిపండు పేరు అప్పడం. అసలు పేరు టీం లీడర్ అఖిలేశ్‌కే గుర్తు లేదు. మొహం నిండా తెల్ల పౌడరు, నెత్తిన పిచ్చుకగూడు లాంటి విగ్గు, మోకాళ్ళ దాకా లాగు. తన్నులు తినడంలో వాడికి మంచి పేరే ఉంది. ఆ రోజు మాత్రం స్టేజీ ఎక్కి, ముందు వరుస వైపు చూసి, పడాల్సిన చోట పడడం మర్చిపోయాడు.

"ఏందిరా, మొద్దులెక్క నిలవడ్డవ్?" అంటూ అఖిలేశ్ చెంప మీద ఒక్కటిచ్చాడు. అది స్కిట్‌లో లేని దెబ్బ. అయినా హాలు గొల్లున నవ్వింది.

నవ్వనిది ఒక్కరే. ముందు వరుసలో ఒక అవ్వ. పేరు పోసవ్వ. పెద్దమనిషి కదా అని నిర్వాహకులు ముందు కూర్చోబెట్టారు. అదే వాళ్ళు చేసిన పొరపాటు.

"నవ్వరాదవ్వా, పైసలు పెట్టి వస్తిమి" అని పక్క కుర్చీలో ఉన్న రోజారాణి అనే అమ్మాయి మోచేత్తో పొడిచింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే కూర్చుంది. కొందరంతే. పెళ్ళికి పిలిచినా మొహం మాడ్చుకునే వస్తారు.

అఖిలేశ్‌కు పౌరుషం వచ్చింది. అతని జోకులకు టీవీలో జడ్జీలు కుర్చీల్లోంచి జారిపడతారు. ఒక ముసలామె పళ్ళు కనబడనివ్వదా? అప్పడాన్ని చీపురుతో కొట్టాడు. అవ్వ నవ్వలేదు. కుండ తెచ్చి నెత్తిన పగలగొట్టాడు. కుండ ఉత్తుత్తిదే, దెబ్బ మాత్రం కాదు. అవ్వ నవ్వలేదు.

ఇక మైకు పట్టుకుని కిందికి దిగాడు.

"ఏందవ్వా, మా అప్పడం నచ్చలేదా? ఇంకా కొట్టాల్నా?"

"వద్దు బిడ్డా. ఇగ సాలు."

ఆ మాటకు హాలంతా మళ్ళీ నవ్వు. అఖిలేశ్ స్టేజీ వైపు తిరిగాడు.

"అరేయ్ అప్పడం! గీ అవ్వ నవ్విందా, ఉంటవ్. నవ్వలేదా, రేపటి సంది నీ జాగల ఇంకోడొస్తడు. మజాక్ చేస్తలేను."

జనం అదీ జోకే అనుకున్నారు. కాదని అప్పడానికి తెలుసు. పోయిన నెల ఫ్రెండు వేషంవాణ్ణి ఇలాగే చప్పట్ల మధ్య ఇంటికి పంపాడు.

అప్పడం స్టేజీ అంచున మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"నవ్వవ్వా. నీ కాళ్ళు మొక్కుత. జర నవ్వు."

ఆహా, ఏం నటన! ఇన్నాళ్ళకు వాడికో డైలాగు దొరికింది. వెనక వరుసల్లో ఈలలు.

అఖిలేశ్ స్టేజీ ఎక్కి వాడి చెంప ఛెళ్ళుమనిపించాడు.

అవ్వ నవ్వింది.

ముందు సన్నగా నవ్వింది. తర్వాత గట్టిగా. ఆ తర్వాత ఒళ్ళంతా కదిలిపోయేలా పగలబడి నవ్వింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ నవ్వింది. ఫోన్లన్నీ అటు తిరిగాయి.

"గిట్లుండాలె నవ్వంటే!" అంది రోజారాణి.

"కండ్లల్ల నీళ్ళొస్తెనే అసలు కామెడీ" అని అఖిలేశ్ మైకులో సెలవిచ్చాడు. అప్పడం భుజం తట్టి, "బతికిపోయినవ్ పో" అన్నాడు.

షో ముగిసింది. జనం సెల్ఫీల కోసం హీరో హీరోయిన్ల మీద పడ్డారు. అప్పడంతో సెల్ఫీ ఎవరిక్కావాలి? వాడు హాలు వెనక నల్లా దగ్గర ఒంటరిగా పౌడరు కడుక్కుంటున్నాడు. అవ్వ వెతుక్కుంటూ అక్కడికీ వచ్చింది. ఇంకా నవ్వు మిగిలిందేమో.

కొంగు తడిపి, కన్నకొడుకు వాచిన చెంపకు అద్దుతూ పోసవ్వ మెల్లగా అడిగింది, "మంచిగనే నవ్విన గద బిడ్డా, ఇగ నిన్ను పనిల నుంచి తీసెయ్యరు గదా?"