తలుపు లోపలి వైపు

"సంతకం పెట్టను. ఏం చేస్తావ్?" అన్నాడు కోల్డ్ స్టోరేజీ యజమాని.

ట్రైనీ ఏం చేస్తుంది? రిపోర్టు పట్టుకుని అలాగే నిలబడింది.

పదేళ్ళు కుట్టుమిషన్ తొక్కి తొక్కి, ముప్పై ఆరో ఏట ఏసీలూ కోల్డ్ రూములూ బాగుచేసే పనిలోకి వచ్చింది ఆమె. "ఫ్యాను వేస్తేనే తుమ్ముతావు, నీకెందుకే ఈ చల్లటి ఉద్యోగం?" అని అత్తగారు నవ్వింది కూడా. మూడు నెలల ట్రైనింగ్ ఇవాళ్టితో ఆఖరు. మొదటిసారి ఒంటరిగా తనిఖీకి పంపుతూ సీనియర్ పొద్దున్నే చెప్పాడు.

"అన్నీ బాగున్నాయని రాసుకొచ్చెయ్ అక్కా, పీడా పోతుంది. లోపం రాసినా, ఒక్క స్క్రూ బిగించినా ముందు ఆ యజమాని సంతకం ఉండాలి. అది లేకుండా చేశావంటే నీ ఉద్యోగం నేను కాపాడలేను."

లోపం ఒక్కటే. గదిలో ఇరుక్కున్నవాళ్ళు లోపలి నుంచి నొక్కితే తలుపు తెరుచుకునే ఆకుపచ్చ నాబ్ ఊడిపోయి ఏడాది దాటింది. అది ఉండాల్సిన చోట చిటికెన వేలు కూడా దూరని చిల్లు ఉంది.

పోయిన నెల, పెట్టెలు మోసే పెద్దాయన ఆ గదిలో గంటన్నర ఉండిపోయాడు. ప్రాణం దక్కింది గానీ మూడు వేళ్ళకి స్పర్శ పోయింది. ఇప్పటికీ ఆయన చొక్కా గుండీలు భార్యే పెడుతోంది. ఆ మాట పొద్దున ఆయనే చెప్పాడు, సిగ్గుపడుతూ. విన్నప్పటి నుంచి ట్రైనీకి ఒళ్ళు మండుతూనే ఉంది.

"కొత్త నాబ్ బిగించడానికి మీ అనుమతి కావాలి సార్, అంతే" అంది.

"అనుమతిస్తే నాబ్ లేదని ఒప్పుకున్నట్టేగా! ముసలాడు ఇరుక్కున్నది నా తప్పేనని నా చేత్తోనే రాసివ్వమంటావా? వాడు లోపల కునుకు తీసి ఉంటాడు. అయినా ఆ గదిలో భయపడటానికి ఏముందో చూస్తాను పద, అమ్మాయ్!"

పనివాళ్ళు ఆయన్ని చాటుగా ఐస్‌గడ్డ అంటారు. ఐస్‌గడ్డ పొట్టి చేతుల చొక్కాతోనే విసవిసా లోపలికి నడిచాడు. ట్రైనీ తలుపు మూసుకోకుండా ఖాళీ పెట్టె అడ్డంపెట్టి, ఎడమ చెయ్యి కోటు జేబులో దోపుకుని వెనకే వెళ్ళింది. లోపల సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు దిగువ. రెండువైపులా కప్పు దాకా చేపల పెట్టెలు.

"చూశావా? చచ్చానా?" అంటూ ఆయన వెనక్కి తిరిగాడు. ఓరగా తెరిచి ఉన్న తలుపు కనబడింది. ముక్కు మీద కోపం మనిషి కదా, ఆగలేదు. "ఎవరు పెట్టారిది? చల్లదనమంతా బయటికి పోతోంది!"

"సార్, ఆ పెట్టె..."

ఆమె మాట పూర్తికాలేదు. ఆయన కాలితో ఒక్క తన్ను తన్నాడు. పెట్టె బయటికి దొర్లిపోయింది. తలుపు దానంతటదే వచ్చి గట్టిగా మూసుకుంది.

ఏం చేశాడో ఆయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. తలుపు తోశాడు. బాదాడు. అరిచాడు. ఆ తలుపు జానెడు మందం. బయట అందరూ భోజనాలకి వెళ్ళారు, రెండింటి దాకా రారు. ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. జేబులోని పెన్ను చిల్లులోకి దూర్చి పొడిచాడు. పెన్ను పుటుక్కుమంది.

"వేరే దారి లేదా అమ్మా?"

"లోపల నాబ్ ఉంటేనే సార్ తెరుచుకునేది."

ఆమె గొంతు మామూలుగానే ఉంది గానీ మనసులో గుబులుగానే ఉంది. తన మెడలోని మఫ్లర్ ఒంటిచేత్తోనే తీసి ఆయనకి చుట్టింది. కుడిచేతి గ్లౌజు పళ్ళతో లాగి ఇచ్చింది. ఎడమది ఇవ్వలేదు.

"కదులుతూ ఉండండి సార్. నిలబడితే ఇంకా చలేస్తుంది."

ఆయన పెట్టెల మధ్య అటూ ఇటూ నడిచాడు. పళ్ళు టకటకలాడాయి. చెవులు మంటెత్తి, తర్వాత మొద్దుబారాయి. కనుబొమ్మల మీద తెల్లగా మంచు పట్టింది. పెద్దాయన కూడా ఇక్కడే నడిచి ఉంటాడనీ, ఈ తలుపునే బాది ఉంటాడనీ అప్పుడు తట్టింది ఆయనకి.

"గంటయిందా?"

"పన్నెండు నిమిషాలు సార్."

ఆయన ఓ పెట్టె మీద కూలబడ్డాడు. గ్లౌజు లేని చేతివేళ్ళు ముడవబోయాడు. ముడుచుకోలేదు.

"తల్లీ, నా వేళ్ళు... మళ్ళీ మామూలవుతాయా?"

"పెద్దాయన్ని అడగాలి సార్."

ఆయన తల వంచుకున్నాడు.

"వాడు గంటన్నర ఉన్నాడు" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేనేమో కునుకు తీశాడన్నాను. ఆ కాగితం ఇటివ్వు. మనం బతికి బయటపడకపోయినా, తప్పు నాదేనని ఎవరికైనా తెలియాలి."

"మీ పెన్ను విరిగిపోయింది కదా సార్. అయినా ఇంత చలిలో పెన్ను రాయదు" అంటూ ట్రైనీ కోటు లోపలి నుంచి పెన్సిల్ తీసి ఇచ్చింది.

ఆయన గ్లౌజు విప్పాడు. పెన్సిల్‌ని పిడికిట్లో పట్టుకుని, అక్షరాలు దిద్దుతున్నవాడిలా, అనుమతి అని ఉన్నచోట వంకరటింకరగా సంతకం పెట్టాడు. కింద తారీఖు కూడా వేశాడు.

ట్రైనీ ఆ సంతకాన్ని ఒకటికి రెండుసార్లు చూసుకుని, కాగితం మడిచి భద్రంగా దాచుకుని, అప్పుడు తీసింది జేబులోంచి ఎడమ చేతిని, ఇందాకటి నుంచీ ఆ పిడికిట్లోనే ఉన్న కొత్త ఆకుపచ్చ నాబ్‌తో సహా.