తండ్రి వేషం

"నాకు... నాకు..." అంటూ పెద్దాయన మళ్లీ నీళ్లు నమిలాడు.

"కట్!" అన్నాడు డైరెక్టర్, విసుగు దాచుకోలేక.

గుమ్మం బయట సూట్‌కేస్ పట్టుకుని నిలబడ్డ నటి మాత్రం పెదవి కూడా విరవలేదు. "ఇంకోసారి చేద్దాం," అంది తాపీగా.

తండ్రి వేషానికి కుదుర్చుకున్న నటుడు పెద్ద సినిమాలో అవకాశం రాగానే చెప్పాపెట్టకుండా జారుకున్నాడు. అద్దెకు తీసుకున్న ఇల్లేమో సాయంత్రానికల్లా ఖాళీ చేయాలి. అలాంటి ఇరకాటంలో ఆమె వెంటబెట్టుకొచ్చిన మనిషి ఈయన. తెలిసినాయనే అంది. బస్సు కండక్టరుగా రిటైరయ్యాడట. కెమెరా ముందు నిలబడడం ఇదే మొదలు.

డైరెక్టర్ ఆమెను పక్కకు పిలిచాడు.

"అక్కా, ఈయనతో అయ్యే పని కాదు. 'నాకు కూతురు లేదు, వెళ్లు' అని తలుపు మూసెయ్యాలి. అంతేగా! పొద్దుట్నుంచి మిగతా సీన్లన్నీ గలగలా చెప్పేశాడు. ఈ ఒక్క ముక్క దగ్గరే గొంతు పట్టేస్తోంది. మన కెమెరా బాబాయికి మీసం అంటించి నిలబెడదామా?"

"బాబాయి నిలబడితే కెమెరా ఎవరు తిప్పుతారు, నువ్వా? ఆయనే చేస్తారు."

"అంత నమ్మకమేంటక్కా?"

"సీరియళ్లలో కోడళ్లను రాచిరంపాన పెట్టి, ఆ సంపాదన చిన్న సినిమాల్లో పోసినదాన్ని. ఎవరి దగ్గర ఏముందో ఆమాత్రం కనిపెట్టలేనా? కెమెరా పెట్టు."

ఆమెకు ఎదురు చెప్పడం అతనికి చేతకాలేదు. కిందటి సినిమాను ఏ హాలూ తీసుకోకపోతే, తెర భుజాన వేసుకుని ఊరూరా తిరిగి చూపించిన మనిషి. ఈ సినిమాకు కథ రాసిందీ ఆమే, పెట్టుబడి పెట్టిందీ ఆమే.

ఆమె పెద్దాయన దగ్గరికెళ్లి చొక్కా కాలరు సరిచేసింది. "తొందరేం లేదు. మీకెలా వస్తే అలా అనండి."

ఆయన మొహమెత్తకుండానే తలూపాడు.

కెమెరా తిరిగింది. ఆమె తలుపు తట్టింది. పెద్దాయన తీశాడు. ఎదురుగా ఉన్న కూతురి వంక చూస్తూ అలాగే ఉండిపోయాడు. ఇదీ పోయిందనుకుని డైరెక్టర్ చెయ్యెత్తాడు.

"చిక్కిపోయావేంటే?" అన్నాడు పెద్దాయన. "టీవీలో బొద్దుగా కనబడతావు."

స్క్రిప్టులో లేని మాట అది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఆమె తడబడలేదు. కళ్లు నిండుతున్నా నవ్వింది. "టీవీ అలాగే చూపిస్తుంది."

పెద్దాయన ఆమె చేతిలోని సూట్‌కేస్ అందుకుని లోపలికి నడిచాడు. ఆమె వెనకే వెళ్లింది. తలుపు బార్లా తెరిచే ఉంది.

కట్ చెప్పడం ఎవరికీ గుర్తు రాలేదు. కెమెరా బాబాయి భుజంతో కళ్లు తుడుచుకున్నాడు.

కాసేపటికి తేరుకుని డైరెక్టర్ ఆమె దగ్గరికి పరుగెత్తాడు. "అక్కా, దీని ముందు మనం రాసుకున్న ముగింపు దిగదుడుపే! ఇదే ఉంచేద్దాం."

"చెప్పానుగా, చేస్తారని."

"చేశాడు సరే. కానీ అంత చిన్న డైలాగ్! ఎంత చెప్పించినా ఆయన నోట ఎందుకు రాలేదంటావ్?"

లోపల కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగుతున్న పెద్దాయన వైపు ఆమె చూసింది.

"ఒకసారి నిజంగానే అనేశాడు కదా, మా నాన్న."