వంతెనెక్కిన కారు

“రేపల్లెకి ఛార్జెంత, సాయిబు గారూ?”

ఇమామ్ సాహెబ్ చూపంతా స్టీరింగు వెనకున్న ముల్లు మీదే ఉంది. అది ఎర్ర గీత మీద వాలిపోయి ఇక లేవనంటోంది. కారు కొన్న దగ్గర్నుంచీ కనపడ్డ ప్రతివాడూ ఛార్జెంత, ఛార్జెంత అని అడుగుతూనే ఉన్నాడు గనక, ఆయన తల కూడా ఎత్తకుండా జవాబిచ్చాడు.

“ఛార్జి లేదమ్మా.”

“చల్లగుండు నాయనా,” అన్న మాట వినపడింది. వెంటనే తలుపు తెరుచుకుంది. ఆయన తేరుకునేలోపు ముందు సీట్లో ఒకావిడ, వెనక చిన్నపిల్లలకి సరిపోయే చోట ఇద్దరాడవాళ్లు, ఒళ్లో చేపల గంపలు సర్దుకుని కూర్చున్నారు. గంపలు ఖాళీవే గానీ వాసన నిండుగా ఉంది. పెళ్లికని పొద్దున పూసుకున్న అత్తరు దాని ముందు చేతులెత్తేసింది.

“దిగండమ్మా. ఇది ఆటో కాదు, కరెంటు కారు. ఛార్జి లేదని చెప్తున్నా కదా.”

“అందుకేగా ఎక్కింది,” అంది ముందు సీటావిడ. ఆవిడ పేరు వెంకటసుబ్బులు. “డబ్బులిస్తామన్నా గంపలు చూసి ఒక్క ఆటోవాడూ ఆపలా. నువ్వు దేవుడల్లే ఆపావు.”

“నేను ఆపలేదమ్మా. అదే ఆగింది.”

ఆ ఛార్జి కాదు, బ్యాటరీ ఛార్జి అని ఆయన విడమరిచి చెప్పాడు.

“సెల్లుఫోనుకి పెడతారే, అదా?” అంది వెనక కూర్చున్న అచ్చమ్మ.

“అదే.”

“మరి సెల్లుఫోనులో కూర్చుని ఊరెళ్లడమేంటి, బాబాయ్?”

ఇమామ్ సాహెబ్ ఎదురుగా ఉన్న వంతెన వంక చూశాడు. రేపల్లె కూతవేటు దూరంలో ఉంది. మధ్యలో ఉన్నదల్లా ఈ కాలవ వంతెన. సముద్రం దాకా చాప పరిచినట్టుండే ఆ నేల మీద కొండ అని చెప్పుకోవాలంటే అదొక్కటే గతి. సైకిలు తొక్కేవాళ్లు కూడా దాన్ని లెక్కచెయ్యరు. కానీ రాత్రి తెనాలిలో పోయిన కరెంటు తెల్లారితేగానీ రాలేదు. సగం కడుపుతో బయల్దేరిన కారు వంతెన వాలు మీద మూలిగి, వెనక్కి జారి, మొదట్లోనే చతికిలబడింది.

రేపల్లెలో మేనకోడలు సానియా పెళ్లి. భార్య మహబూబ్ బీ ఆ కారెక్కితే ఒట్టని చెప్పి, చుట్టాలందర్నీ వెంటేసుకుని పాసింజరు రైల్లో వెళ్లింది. వెళ్తూ వెళ్తూ ప్లాట్‌ఫారం మీద అందరూ వినేలా మరో మాట కూడా అంది. “ఆ డబ్బా ఛార్జి అయిపోయి దార్లో ఆగిందో, సోమవారం పాత ఇనప కొట్టుకి తోలిస్తా.”

మహబూబ్ బీ అన్నదంటే అన్నదే. ఆయన రేడియో అలాగే పోయింది, మోజుపడి కొన్న టేబుల్ ఫానూ అలాగే పోయింది. ఇన్నేళ్లూ పరుపులు కుట్టి, వాటిని సైకిలుకి కట్టి తిరిగినవాడికి, వాన కురుస్తుంటే తలుపేసుకుని లోపల కూర్చోవడం ఎంత సుఖమో ఈమధ్యే తెలిసింది. ఆ సుఖం తూకానికి పోతుందనుకుంటే ఆయనకి ఏడుపొచ్చింది.

“తోస్తే ఎక్కుద్దా?” అంది వెంకటసుబ్బులు, ఆయన మొహం చూసి.

“ఎక్కుద్దమ్మా. దిగేటప్పుడు చక్రాలు తిరిగి కాస్త కరెంటు అదే సంపాదించుకుంటది.”

“ఎక్కేటప్పుడు మనం తొయ్యాల. దిగేటప్పుడు అది సంపాదించుద్ది,” అంది అచ్చమ్మ. “అచ్చం మా ఇంటాయనే.”

ముగ్గురూ దిగి కొంగులు బిగించారు. ఆయన కూడా దిగబోతే, పెళ్లి బట్టలు మాసిపోతాయని కూర్చోబెట్టారు. పడవల్ని ఒడ్డుకి లాగే చేతులకి ఆ కారొక లెక్కా? పక్కనుంచి పోతున్న బస్సులో జనం తలలు బయటపెట్టి చూశారు. ఇమామ్ సాహెబ్ టోపీని కళ్ల మీదకి లాక్కున్నాడు.

వంతెన నడినెత్తికి చేరాక ముగ్గురూ మళ్లీ ఎక్కారు. కారు జారింది. కిందికి వచ్చేసరికి ముల్లు ఎర్ర గీత మీద నుంచి బద్ధకంగా లేచింది.

“తోసిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పకండమ్మా. మా ఇంటావిడ చెవిన పడితే ఈ కారు నాకు దక్కదు.”

“గంగమ్మ తల్లి మీద ఒట్టు,” అంది వెంకటసుబ్బులు. “తోశామన్న మాట మా నోట రాదు.”

హారన్ కొడితే కరెంటు ఖర్చని గేదెలక్కూడా దారిచ్చుకుంటూ రేపల్లెలోకి వచ్చారు. షాదీఖానా ముందు మహబూబ్ బీ నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. పక్కన ఆవిడ తమ్ముడు ఫహీం, వెనక సగం పెళ్లివారు.

“ఆగిందా?” అంది మహబూబ్ బీ.

“ఎందుకాగుద్ది? తెనాలిలో ఎక్కా, ఇక్కడ దిగుతున్నా.”

కార్లోంచి ఒక్కొక్కటే గంపలు దిగడం చూసి ఫహీం నవ్వాపుకోలేకపోయాడు. “వీళ్లెవరు బావా? తోసుకొచ్చినోళ్లా?”

ఇమామ్ సాహెబ్ టోపీని మళ్లీ కళ్ల మీదకి లాక్కున్నాడు. వెంకటసుబ్బులు గంప నెత్తికెత్తుకుని ఫహీం వంక ఎగాదిగా చూసింది.

“తోసుడేంటి బాబూ? కూర్చుని రాజాలా వచ్చాం.”

మహబూబ్ బీ నడుం మీది చేతులు కిందికి దిగాయి. ముగ్గురు మనుషులూ మూడు గంపలూనా అనుకుంటూ, మొట్టమొదటిసారి ఆ కారు మీద చెయ్యి వేసి నిమిరింది. “పర్లేదే,” అంది. ఇమామ్ సాహెబ్‌కి కళ్లు చెమర్చాయి. ఇక కారు తనదే.

వెంకటసుబ్బులు నాలుగడుగులు వేసి, మేలు చేసినవాడి గురించి ఒక మంచిమాట చెప్పకుండా పోవడం బాగుండదని వెనక్కి వచ్చింది.

“మీ ఆయన్లాంటి ధర్మాత్ముణ్ణి నేను చూళ్లేదు తల్లీ. వంతెన కాడ కారాగుంటే మేం వెళ్లి అడిగాం. తల కూడా ఎత్తకుండా, ‘ఛార్జి లేదమ్మా’ అన్నాడు.”